పైపు పానా: పేరు, అర్థం, వాడకం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కుళాయి బాగు చేయడానికి వచ్చిన మేస్త్రీ నిచ్చెన మీద నుంచి "ఆ పానా ఇలా అందివ్వండి" అంటే, సంచిలోని నాలుగైదు ఇనుప పనిముట్లలో ఏది అందివ్వాలో తెలియక ఆగిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. అన్నింటినీ పానాలనే పిలుస్తాం కాబట్టి ఆ తికమక సహజం. అయితే ఒక పానా చేయాల్సిన పనిని మరొకదానితో చేసినప్పుడు పోయేది పేరు ఒక్కటే కాదు. నట్టు అరుగుతుంది, పైపు చితుకుతుంది, కొన్నిసార్లు గోడ పగలగొట్టవలసి వస్తుంది. అందుకే ఈ పేర్ల గురించీ, వాటి వెనక ఉన్న పనితీరు గురించీ తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: పానా అంటే అసలు అర్థం ఏమిటి?

నట్టును గాని, బోల్టును గాని, పైపును గాని గట్టిగా పట్టుకుని, చేతి బలాన్ని పిడి పొడవుతో పెంచి, తిప్పడానికి వాడే ఇనుప పనిముట్టును పానా అంటారు. హిందీ, మరాఠీ, ఉర్దూ భాషలలోని పనివారు కూడా ఇదే మాట వాడతారు. మెకానిక్ షెడ్డులోనూ, ప్లంబింగ్ పనిలోనూ, బోరు మోటారు దించే చోటా వినిపించేది ఈ మాటే. దీనిని పాన అని హ్రస్వాంతంగా రాసేవారూ ఉన్నారు, పానా అని దీర్ఘంతో రాసేవారూ ఉన్నారు. పలికేటప్పుడు చివర దీర్ఘమే వినిపిస్తుంది కాబట్టి నేను పానా అనే రాస్తాను, బహువచనం పానాలు.

ప్రశ్న: పానకం, పానవట్టం అన్న మాటలలోని పానకూ దీనికీ సంబంధం ఉందా?

లేదు. పానకంలోని పాన సంస్కృతంలో తాగడం అన్న అర్థం ఉన్న ధాతువు నుంచి వచ్చింది. శివలింగం చుట్టూ ఉండే పానవట్టం మాట కూడా వేరు. ధ్వని కలిసినంత మాత్రాన అర్థం కలవదు.

ప్రశ్న: స్పానర్ అనాలా, రెంచి అనాలా?

రెండూ ఇంగ్లిషు మాటలే. బ్రిటన్‌లో ఎక్కువగా స్పానర్ అంటారు, అమెరికాలో రెంచి అంటారు. స్పానర్ అన్నది జర్మన్ భాషలో సాగదీయడం, బిగించడం అన్న అర్థం గల క్రియ నుంచి వచ్చింది. పాతకాలపు తుపాకులలో చక్రానికి కట్టిన స్ప్రింగును బిగించడానికి వాడిన సాధనానికి మొదట ఆ పేరు ఉండేది. రెంచి అన్నది మెలితిప్పడం అన్న అర్థం ఉన్న ప్రాచీన ఇంగ్లిషు క్రియకు చెందింది. మన దగ్గర ఈ రెండు మాటలూ వచ్చి చేరాయి గాని, పనివాళ్ల నోటిలో ఒక చక్కని విభజన జరిగిపోయింది: నట్లు, బోల్టులకు వాడేదాన్ని స్పానర్ అనీ, పైపుకు వాడే పళ్లున్న దాన్ని పైపు రెంచి అనీ అంటారు. స్పానర్‌నూ, పైపు రెంచినీ కలిపి పానా అంటారు. అడిగేవాడు పైపు పానా అని స్పష్టంగా అంటే ఇక అయోమయం ఉండదు.

ప్రశ్న: పైపు పానాకూ మామూలు పానాకూ ఉన్న తేడా ఏమిటి?

ఈ పేజీలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసిన సమాధానం ఇదే. నట్టుకు ఆరు చదునైన ముఖాలు ఉంటాయి. మామూలు పానా నోటికి పళ్లు ఉండవు. ఆ నోరు నట్టుకు ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలకు సరిగ్గా అతుక్కుని, ఆ ఆకారం ఆధారంగానే దానిని తిప్పుతుంది. పైపు గుండ్రంగా ఉంటుంది, దానికి ముఖాలూ లేవు, మూలలూ లేవు. నున్నటి నోరు గుండ్రని వస్తువు మీద జారిపోక తప్పదు. కాబట్టి పైపును పట్టాలంటే దాన్ని కొరకాలి.

పైపు పానాకు రెండు దవడలు ఉంటాయి. కింది దవడ పిడికి బిగిసి కదలకుండా ఉంటుంది. పై దవడ కొక్కెంలా వంగి, తన కాడ మీద మరలు కలిగి, ఒక గరుకు చక్రంతో పైకీ కిందికీ జరుగుతుంది. చూడడానికి లోపంలా కనిపించే ఒక విషయం దీనికి ప్రాణం: పై దవడ తన గూటిలో బిగువుగా కూర్చోదు, స్ప్రింగు ఆధారంతో కొంచెం వదులుగా ఊగుతుంది. కొత్తగా కొన్నవారు ఇది నాసిరకం సరుకు అనుకుని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లిన సందర్భాలు నేను చూశాను. నిజానికి పిడిని లాగినప్పుడు ఆ వదులు వల్లనే పై దవడ కొద్దిగా ఒరిగి, రెండు దవడల మధ్య దూరం తగ్గి, పళ్లు పైపులోకి దిగుతాయి. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పడుతుంది. ఎదురు దిశలో తిప్పితే పట్టు వదిలేస్తుంది, కాబట్టి ప్రతి తిప్పుకూ పానాను తీసి మళ్లీ పెట్టవలసిన పని లేకుండా వెనక్కి జార్చి మళ్లీ లాగవచ్చు.

నట్టు మీద పైపు పానా వేస్తే ఏమవుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. పళ్లు నట్టు మూలలను కొరికి గుండ్రంగా చేస్తాయి. ఆ తర్వాత ఏ స్పానరూ దానికి పట్టదు.

ప్రశ్న: కొందరు దీనిని స్టిల్సన్ అంటారు. ఆ పేరు ఎక్కడిది?

అది మనిషి పేరు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్వర్త్ అనే సంస్థలో పనిచేసిన డేనియల్ స్టిల్సన్ 1869లో ఈ తరహా పానాకు పేటెంటు పొందాడు. ఆయన ముందు చెక్కతో నమూనా చేసి చూపించగా, ఇనుముతో ఒకటి చేసి, పైపు అయినా విరగాలి లేదా పానా అయినా విరగాలి అన్నంతగా పరీక్షించమని సంస్థవారు చెప్పారనీ, చివరికి మెలితిరిగి తెగింది పైపేననీ చెబుతారు. స్టిల్సన్ పానా అన్నా పైపు పానా అన్నా ఒకటే. నూట యాభై ఏళ్లు దాటినా ఆ ఊగే దవడ అమరిక ఈనాటికీ దాదాపు అలాగే ఉంది. పనిముట్లలో ఇంత నిలకడ గల రూపకల్పనలు ఎక్కువ ఉండవు. రోజూ చేతిలో పట్టుకునేవారు ఆ పేరును గౌరవంగా గుర్తుంచుకోవడం న్యాయం.

ప్రశ్న: మంకీ రెంచి, పైపు రెంచి ఒకటేనా? అందులో కోతి ఎందుకు ఉంది?

ఒకటి కాదు. మంకీ రెంచికి నున్నటి, చదునైన దవడలు ఉంటాయి. అది నట్టు కోసం పుట్టిన పాత తరహా సర్దుబాటు పానా. ఆకారంలో రెండూ సుత్తిలా కనిపిస్తాయి కాబట్టి ఇంగ్లిషు దేశాలలో కూడా ఈ పేర్లు తారుమారు అవుతుంటాయి. అమెరికాలోని వూస్టర్‌కు చెందిన లోరింగ్ కోస్ 1841లో మరతో జరిగే రెంచికి పేటెంటు పొందాడు. అమెరికన్లు మంకీ రెంచి అని ఎక్కువగా పిలిచింది ఆ తరహా దానినే.

కోతి సంగతికి వస్తే, ఫోన్లలో తిరిగే ఒక కథను ఇక్కడ సరిచేయాలి. హెవీవెయిట్ బాక్సింగులో మొదటి నల్లజాతి ప్రపంచ విజేత అయిన జాక్ జాన్సన్ ఈ పానాను కనిపెట్టాడనీ, ఆయనను అవమానించడానికే దానికి ఆ పేరు పెట్టారనీ ఆ కథ చెబుతుంది. జాన్సన్ 1922లో ఒక రెంచికి పేటెంటు పొందిన మాట నిజమే. కాని మంకీ రెంచి అన్న పేరు పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగం నుంచే, అంటే ఆయన పుట్టుకకు చాలా ముందు నుంచే ఇంగ్లిషు రాతలలో ఉంది. ఆయన ప్రతిభను గౌరవించడానికి అబద్ధపు కథ అవసరం లేదు. మంక్కీ అనే ఇంటిపేరు గల పనివాడి పేరు మీద ఇది వచ్చిందన్న మరో కథకు కూడా ఆధారం నిలవదు.

తెలుగులోకి దీనిని కోతి పానా అని మార్చడం మాత్రం సరికాదు. మన పనివారు ఆ మాట ఎన్నడూ వాడలేదు, విన్నవారికి అర్థం కాదు.

ప్రశ్న: స్క్రూ పానా అంటే ఏది?

నోటి దగ్గర చిన్న మరచక్రం ఉండి, బొటనవేలితో తిప్పితే దవడ జరిగే నున్నటి పానాను స్క్రూ పానా అనీ, స్క్రూ స్పానర్ అనీ అంటారు. స్వీడన్‌కు చెందిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్ పందొమ్మిదో శతాబ్దం చివరి పదేళ్లలో దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చాడు. దీని పేరు విషయంలో ఒక వింత ఉంది. ఇటలీ, స్పెయిన్ దేశాలవారు దీనిని ఇంగ్లిషు తాళపుచెవి అని పిలుస్తారు. పోలండ్‌లో ఫ్రెంచి తాళపుచెవి అంటారు, ఇరాన్‌లో కూడా ఫ్రెంచి పానా అనే అంటారు. డెన్మార్క్‌వారు స్వీడన్ తాళపుచెవి అంటారు. ప్రతి దేశమూ దానిని మరో దేశం నుంచి వచ్చినట్టే చెప్పుకుంటుంది. మనవాళ్లు మాత్రం ఊరి పేరు వదిలేసి, అది ఎలా పని చేస్తుందో చెప్పే మరను పేరుగా పెట్టుకున్నారు. నాకు ఇదే మెరుగైన పద్ధతిగా తోస్తుంది, ఎందుకంటే పేరు వినగానే పనిముట్టును గుర్తుపట్టవచ్చు.

ప్రశ్న: దుకాణంలో 14 నంబరు పానా అడిగితే, ఏది కావాలని ఎదురు ప్రశ్న వేశారు. ఎందుకు?

ఎందుకంటే ఆ అంకె రెండు పానాలలో రెండు వేర్వేరు కొలతలను చెబుతుంది. మామూలు పానా మీద 14 అని ఉంటే, అది పట్టే నట్టు ఎదురు ముఖాల మధ్య దూరం 14 మిల్లీమీటర్లు అని అర్థం. రెండు చివర్లా నోళ్లుంటే 10-11 పానా, 12-13 పానా అని జంటగా చెబుతారు. పైపు పానా విషయంలో 14 అంటే పానా మొత్తం పొడవు 14 అంగుళాలు, అంటే సుమారు 350 మిల్లీమీటర్లు. నోరు ఎంత తెరుచుకుంటుందన్నది ఆ పొడవుతో ముడిపడి ఉంటుంది: సాధారణంగా 10 అంగుళాల పైపు పానా ఒకటిన్నర అంగుళం పైపు వరకు, 14 అంగుళాలది రెండు అంగుళాల వరకు, 18 అంగుళాలది రెండున్నర వరకు, 24 అంగుళాలది మూడు అంగుళాల వరకు పడుతుంది.

నోరు పట్టినంత మాత్రాన అది తగిన పానా అనుకోకూడదు. ఒకటిన్నర అంగుళం పైపును 10 అంగుళాల పానా పట్టగలదు గాని, తుప్పు పట్టి బిగుసుకున్న ఆ పైపును తిప్పే బలం అంత చిన్న పిడికి రాదు. అలాగే అర అంగుళం పైపుకు 24 అంగుళాల పానా వేస్తే ఆ బలానికి మరలు తెగిపోతాయి.

ప్రశ్న: అర అంగుళం పైపును కొలిస్తే అర అంగుళం రావడం లేదు. మోసమా?

మోసం కాదు. జి.ఐ. పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, పేరులో ఉన్న కొలత ఆనవాయితీగా వచ్చిన పేరు మాత్రమే. అర అంగుళం పైపు బయటి వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు ఉంటుంది; అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లే. ముప్పావు అంగుళం పైపు బయట సుమారు 27, ఒక అంగుళం పైపు సుమారు 34 మిల్లీమీటర్లు ఉంటాయి. పైపు పానా బయటి నుంచి పడుతుంది కాబట్టి నోటిని ఎంత తెరవాలో ఈ బయటి కొలతే చెబుతుంది.

ప్రశ్న: పైపు పానాను సరిగా పట్టించడం ఎలా?

ముందుగా ట్యాంకు దగ్గర వాల్వు కట్టి, కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీటిని వదిలేయండి. పానా నోరు ఏ వైపు తెరిచి ఉందో ఆ వైపుకు పిడిని లాగేలా పెట్టాలి; తారుమారుగా పెడితే ఎంత లాగినా పళ్లు పట్టవు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పైపును కొక్కెం లోపలి వెనక భాగానికి తగిలేంత లోపలికి దూర్చకూడదు, అక్కడ అర అంగుళం మేర ఖాళీ వదిలి, పళ్ల మధ్య భాగంలో పైపు ఉండేలా చక్రాన్ని తిప్పి సర్దాలి. వెనక ఖాళీ లేకపోతే పై దవడ ఒరగడానికి చోటు ఉండదు, ఒరగకపోతే పట్టు రాదు. అంతేకాక మూడు వైపులా ఒత్తిడి పడి పైపు నొక్కుకుపోతుంది.

తర్వాత పిడిని మీ వైపుకు లాగండి గాని, దూరంగా నెట్టకండి. పానా ఒక్కసారిగా జారితే, నెట్టే మనిషి ముందుకు పడి చేతి వేళ్లు గోడకు కొట్టుకుంటాయి. మన పైపుల మరలు మామూలుగా గడియారం ముల్లు తిరిగే దిశలో బిగుసుకుంటాయి, ఎదురు దిశలో ఊడతాయి.

ప్రశ్న: మేస్త్రీలు రెండు పైపు పానాలు ఎందుకు తెస్తారు?

ఒకటి తిప్పడానికి, ఒకటి ఆపడానికి. గోడలో ఉన్న ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) నుంచి ఒక నిపుల్ (రెండు చివర్లా మరలున్న పొట్టి పైపు ముక్క) విప్పాలనుకోండి. ఒక్క పానాతో నిపుల్‌ను తిప్పితే, ఏ మర ఎక్కువ తుప్పు పట్టిందో అది కదలదు, తక్కువ బిగువు ఉన్నది కదులుతుంది. ఆ కదిలేది గోడ లోపల ఉన్న మర కావచ్చు. మా ఇంట్లో ఇదే జరిగింది. ఒక్క పానాతో వచ్చిన పనివాడు స్నానాలగది కుళాయి విప్పుతూ గోడ లోపలి ఎల్బోను విరగ్గొట్టగా, కొత్తగా వేసిన టైల్స్‌ను పగలగొట్టవలసి వచ్చింది. రెండో పానాతో ఎల్బోను ఎదురు దిశలో పట్టి ఉంచితే బలం అంతా ఆ ఒక్క మర మీదనే పడి, మిగతా అమరిక క్షేమంగా ఉంటుంది. గీజరుకు కనెక్షను ఇచ్చేటప్పుడు కూడా ఇదే నియమం పాటించాలి; ట్యాంకు నుంచి బయటికి వచ్చే నిపుల్‌ను ఆపి పట్టకుండా నట్టు బిగిస్తే, ట్యాంకు అతుకు దెబ్బతిని కారడం మొదలవుతుంది. కాబట్టి పని ఒప్పుకునే ముందు మేస్త్రీ సంచిలో రెండు పానాలు ఉన్నాయో లేదో చూడమని అడిగినవారందరికీ చెబుతున్నాను.

ప్రశ్న: బిగుసుకున్న పైపు కదలకపోతే పిడికి ఇనుప గొట్టం తొడిగి లాగవచ్చా?

వద్దు. 10 అంగుళాల పానా పిడి సుమారు 25 సెంటీమీటర్లు. దానికి గొట్టం తొడిగి మీటరు పొడవు చేస్తే అదే చేతి బలానికి మెలితిప్పే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. పిడిని అంత భారానికి తయారు చేయలేదు. అది వంగుతుంది, లేదా దవడ విరిగి ముఖం మీదికి ఎగురుతుంది. దీనికి బదులు మర దగ్గర తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు ఆగి, సుత్తితో సాకెట్ (పైపులను కలిపే మర ముక్క) చుట్టూ మెల్లగా తట్టి, ఆ తర్వాత ఒక సైజు పెద్ద పానా తెచ్చుకోవడం మంచిది.

ప్రశ్న: మెరిసే కుళాయికీ, ప్లాస్టిక్ పైపుకూ ఇది వాడవచ్చా?

నేరుగా వాడకూడదు. క్రోమియం పూత ఉన్న కుళాయి మీద పళ్ల గాట్లు పడితే ఆ పూత అక్కడి నుంచి లేచిపోతుంది. కుళాయి మెడ దగ్గర చదునైన ముఖాలు ఉంటాయి, వాటికి స్క్రూ పానా వేయాలి. వేరే దారి లేనప్పుడు మందపాటి గుడ్డ గాని, రబ్బరు ముక్క గాని చుట్టి పట్టాలి. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా వేస్తున్న సి.పి.వి.సి. అనే ప్లాస్టిక్ పైపును అతికించేది సొల్యూషన్ అనే జిగురు కాబట్టి దానిని తిప్పి విప్పవలసిన పనే రాదు. ఇత్తడి మర ఉన్న ప్లాస్టిక్ ఎల్బోకు కుళాయి బిగించేటప్పుడు మాత్రం జాగ్రత్త: చేతితో బిగువుగా తిప్పి, ఆపైన పానాతో కొద్దిగా సర్దితే చాలు. అంతకు మించితే ఇత్తడి భాగం ప్లాస్టిక్‌లో నుంచి కదిలిపోతుంది. నీరు ఆపవలసిన పని మర మీద చుట్టిన టెఫ్లాన్ టేపుది, మన బలానిది కాదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికి ఇక్కడి కుళాయి తీసుకువెళితే బిగుస్తుందా?

పానా పడుతుంది గాని, మరలు కలవవు. మన దేశంలో బ్రిటిషు పద్ధతి పైపు మరలు వాడతాం, వాటి కోణం 55 డిగ్రీలు. అమెరికా పద్ధతిలో 60 డిగ్రీలు. అర అంగుళం, ముప్పావు అంగుళం కొలతలలో రెండింటికీ అంగుళానికి 14 మరలే ఉండడం వల్ల మొదటి రెండు మూడు తిప్పుల వరకు సరిపోయినట్టే అనిపిస్తుంది, ఆ తర్వాత బలవంతంగా తిప్పితే మర చెడుతుంది, నీరూ కారుతుంది. ఒక అంగుళం దగ్గర మనకు అంగుళానికి 11, వారికి 11న్నర. మార్చే అమరిక లేకుండా కలపవద్దు.

ప్రశ్న: దీనికి అచ్చ తెలుగు పేరు పెట్టవద్దా?

పట్టకారు, శ్రావణం అన్న మంచి మాటలు మనకు ఉన్నాయి, కాని అవి నొక్కి పట్టుకునే పనిముట్ల పేర్లు, తిప్పేవాటివి కావు. గొట్టాల మరతిప్పుడు సాధనం వంటి కూర్పును పుస్తకంలో రాయవచ్చు. నిచ్చెన మీద ఉన్నవాడు దానిని అడగలేడు. ఒకే వస్తువును కోస్తాలో కుళాయి అనీ, తెలంగాణలో నల్లా అనీ, కొన్నిచోట్ల పంపు అనీ పిలిచే భాష మనది. కుళాయి అన్న మాటే తమిళంలో గొట్టానికి వాడే మాటకు చుట్టం, నల్లా హిందీ, ఉర్దూల నుంచి వచ్చింది, రెండూ ఇప్పుడు నిండుగా తెలుగే. పానా కూడా అలాగే మనదైపోయింది. నాకు కావలసింది కొత్త పేరు కాదు, ఉన్న పేరుకు ముందు ఒక్క మాట చేర్చడం: పైపు పానా, స్క్రూ పానా, నట్టు చుట్టూ ఉంగరంలా పట్టేదానికి రింగు పానా.

ప్రశ్న: ఇంటికి ఒకటి కొనాలంటే ఏది కొనాలి?

అపార్టుమెంటులో ఉండేవారికి 10 అంగుళాల స్క్రూ పానా ముందు కావాలి, ఎందుకంటే ఈనాటి ఇళ్లలో విప్పవలసినవి ఎక్కువగా నట్లే. పాత జి.ఐ. పైపులున్న సొంత ఇంటివారు 14 అంగుళాల పైపు పానా ఒకటి, ఆపి పట్టడానికి 10 లేదా 12 అంగుళాలది ఇంకొకటి కొనుక్కోవాలి. కొనేటప్పుడు చక్రం చివరిదాకా సాఫీగా తిరుగుతోందా, పళ్లు పదునుగా ఉన్నాయా, పై దవడకు ఆ కొద్దిపాటి ఊగు ఉందా అని చూడండి. వాడిన తర్వాత పళ్ల మధ్య ఇరుక్కున్న టేపు ముక్కలనూ, తుప్పునూ తీగ బ్రష్షుతో దులిపి, చక్రం మర మీద ఒక చుక్క నూనె వేసి, తడి తగలని చోట పెట్టండి.